గాజుకు దక్కిన గాలి

సంగారెడ్డిలో భౌతికశాస్త్రం పాఠం చెబుతున్న రోజుల్లో ఒక విద్యార్థి నన్నొక ప్రశ్న అడిగాడు. అతని తండ్రి ఎద్దుమైలారం ఆయుధ కర్మాగారంలో కార్మికుడు. ఆనాడు కటకాల పాఠం ముగించి సుద్దముక్క బల్లమీద పెట్టానో లేదో, వెనుక వరుసనుంచి లేచి నిలబడ్డాడు.

"సార్, యుద్ధపు బండ్లు మన దగ్గర తయారైతయి గదా. దాని కండ్లు మాత్రం డెహ్రాడూన్‌ల తయారైతయట. ఎందుకు సార్? మన గాలి మంచిది కాదా?"

తరగతి అంతా నవ్వింది. నేను నవ్వలేకపోయాను. ప్రశ్న అర్థం లేనిది కాదు. 1984లో, మెదక్ లోక్‌సభ సభ్యురాలుగా ఉన్న ప్రధాని ఇందిరాగాంధీ చేతులమీదుగా ఎద్దుమైలారంలో కర్మాగారానికి పునాదిరాయి పడింది. సోవియట్ నమూనా బి.ఎం.పి.-2 సాయుధ శకటం 'శరత్' అనే పేరుతో అక్కడ తయారవుతూ వచ్చింది. ఆ శకటానికీ, టి-72 టాంకుకూ కావలసిన కాంతి పరికరాలకోసం 1980లలోనే డెహ్రాడూన్‌లో వేరే కర్మాగారం పెట్టారు. కవచం ఇక్కడిది, కన్ను అక్కడిది.

ఆనాడు నేను చెప్పిన సమాధానం సగమే. గాజు పనికి దుమ్ము పనికిరాదనీ, వేడి నిలకడగా ఉండాలనీ చెప్పి ఊరుకున్నాను. మిగిలిన సగం భౌతికశాస్త్రంలో లేదు, చరిత్రలో ఉన్నది. ఆ సగాన్ని ఇప్పుడైనా చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా గాజు ఏమి కోరుతుందో చూద్దాం. మన కంటికి బాగా కనిపించే ఆకుపచ్చ కాంతి తరంగం పొడవు సుమారు 0.55 మైక్రాను. మంచి కటకం ముఖం దాని ఆదర్శ రూపంనుంచి ఈ పొడవులో నాలుగో వంతుకంటే, ఒక్కొక్కప్పుడు పదో వంతుకంటే కూడా, ఎక్కువ తప్పిపోగూడదు. నాలుగో వంతు అంటే సుమారు 0.14 మైక్రాను. తలవెంట్రుక మందం 70 మైక్రాన్లనుకుంటే, అందులో 500వ వంతు! కురువిందం పొడితో అరగదీసి, చివరకు కీలువంటి నల్లని పిచ్ పూసిన పలకమీద సీరియం ఆక్సైడుతో మెరుగుపెట్టే పనివాడు ఇంత సూక్ష్మాన్ని చేతితోనూ, యంత్రంతోనూ సాధిస్తున్నాడు.

ఈ పనికి శత్రువులు మూడు. మొదటిది వేడిలో మార్పు. సామాన్యంగా కటకాలకు వాడే బోరోసిలికేట్ క్రౌన్ గాజు 100 మిల్లీమీటర్ల ముక్క ఒక్క సెంటిగ్రేడు డిగ్రీ వేడెక్కితే సుమారు 0.7 మైక్రాను సాగుతుంది. అది కాంతి తరంగంకంటే ఎక్కువ. ముక్క అంతా సమానంగా సాగితే పెద్ద చిక్కు లేదు. ఒక ముఖం వెచ్చగా, రెండో ముఖం చల్లగా ఉంటే ఆకారమే వంగిపోతుంది. అందుకే మెరుగుపెట్టిన గాజును కొలవడానికి ముందు గంటలకొద్దీ చల్లబడనిస్తారు. వేడి పెరిగితే పిచ్ మెత్తబడుతుంది, తగ్గితే బిరుసెక్కుతుంది. రెండింటివల్లా గాజు ముఖం చెడుతుంది.

రెండో శత్రువు ధూళి. మెరుగుపెట్టే పలకమీద ఒక్క ఇసుక రేణువు పడితే గాజుమీద గీత పడుతుంది, రోజుల శ్రమ వృథా అవుతుంది. రెండు కటకాలను అతికించేటప్పుడు నడుమ నలుసు చిక్కితే ఇక అది తీయరానిది. శూన్యపు పేటికలో లోహపు పూత వేసేటప్పుడు రేణువు ఉన్నచోట పూత పట్టక సూదిబెజ్జం మిగులుతుంది. గురిచూసే పరికరంలో గీతలున్న అద్దం మీద నలుసు వాలిందంటే కంటికటకం దానినికూడా పెద్దది చేసి చూపిస్తుంది. చూసేవాడికి అది నలుసుగా కాదు, బండగా కనిపిస్తుంది.

మూడో శత్రువు తేమ. తేమ మరీ తగ్గితే గాజుమీద విద్యుదావేశం నిలుస్తుంది. గాజుకడ్డీని పట్టుగుడ్డతో రుద్ది కాగితం ముక్కలను ఆకర్షింపజేసే ప్రయోగం మన విద్యార్థులందరూ చేసినదే. అక్కడ కాగితం ముక్క, ఇక్కడ ధూళి రేణువు, అంతే తేడా. తేమ పెరిగితే బూజు పడుతుంది. బూజు విడిచే ఆమ్లాలు గాజునే తినివేస్తాయి.

ఇప్పుడు మన పటాన్‌చెరు, సంగారెడ్డి ప్రాంతాన్ని తలచుకోండి. దక్కను పీఠభూమి మీద నల్లరేగడి, ఎర్రనేల, నల్లరాతి గుట్టలు. వైశాఖంలో 40 డిగ్రీలు దాటే ఎండ, పొడిగాలి. శ్రావణంలో ముసురు. పుష్యమాసపు రాత్రుల్లో వణికించే చలి. దారిపొడుగునా లారీలు లేపే దుమ్ము, కంకర మిల్లుల పొడి, గొట్టాల పొగ. గాజుకు ముగ్గురు శత్రువులూ ఇక్కడ కొలువుదీరి ఉన్నారు. అయితే విద్యార్థి అనుమానం నిజమేనా? మన గాలి మంచిది కాకనే కన్ను ఇక్కడ తయారుకాలేదా?

కాదు. ఈ వాదానికి ఒక పాత వంశచరిత్ర ఉన్నది. 1748లో మాంటెస్క్యూ అనే ఫ్రెంచి మేధావి వేడిదేశాల ప్రజలు సోమరులనీ, చలిదేశాలవారు చురుకైనవారనీ సిద్ధాంతీకరించాడు. వలసపాలకులకు ఈ సిద్ధాంతం ఎంతో ఇంపుగా ఉన్నది. ముడిసరుకు మాత్రమే ఉష్ణదేశంలో పండాలి, సూక్ష్మమైన పని తమ దేశంలో జరగాలి అన్న దోపిడీ ఏర్పాటుకు వాతావరణం పేరుతో ఒక సాకు దొరికింది.

ఆ సాకును మన తెలుగుసీమే తిప్పికొట్టింది. స్వాతంత్ర్యానికి పూర్వమే మచిలీపట్నంలో ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ వెలిసింది. శాస్త్ర పరికరాలకు ప్రసిద్ధి పొందింది. బందరు ఎటువంటి ఊరు? సముద్రపు ఉప్పుగాలి, ఉక్కపోత, తుఫాను. కటకానికి అంతకంటే ప్రతికూలమైన చోటు వెదికినా దొరకదు. అయినా అక్కడి పనివాళ్ళు గాజును లొంగదీశారు. 1983లో భారత్ ఎలక్ట్రానిక్స్ ఆ సంస్థను స్వాధీనం చేసుకొని తన కాంతి పరికరాల శాఖగా మార్చింది. చీకటిలో చూపునిచ్చే సైనిక పరికరాలు అక్కడ తయారవుతూ వచ్చినవి. 2025 అక్టోబరు 16న, కృష్ణాజిల్లా నిమ్మలూరులో సుమారు 360 కోట్ల రూపాయలతో కట్టిన కొత్త కర్మాగారం అదే పరంపరలో జాతికి అంకితమైంది.

డెహ్రాడూన్ సంగతీ ఇంతే. కన్ను అక్కడ తయారుకావడానికి హిమాలయపు గాలి కారణం కాదు. 1830లో భూమిని కొలిచే సర్వే శాఖ కోసం కలకత్తాలో గణిత పరికరాల కార్యాలయం వెలిసింది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో సైన్యానికి కాంతి పరికరాల పని డెహ్రాడూన్‌కు చేరింది. తరతరాల చేతినైపుణ్యం ఉన్నచోటికే కొత్త కర్మాగారం వచ్చింది. నైపుణ్యం గాలిలోనుంచి ఊడిపడదు, శ్రమలో పేరుకుంటుంది.

యుద్ధకాలపు మరొక ఉదాహరణ. న్యూగినీ అడవుల్లో పోరాడుతున్న సైన్యాల బైనాక్యులర్లూ, గురి పరికరాలూ కొద్ది వారాలలోనే బూజుపట్టి గుడ్డివైపోయాయి. మెల్బోర్న్ విశ్వవిద్యాలయంలోని వృక్షశాస్త్రజ్ఞుడు టర్నర్, ఆయన సహచరులు ఆ బూజును పరిశోధించి, పరికరాల లోపలి పూతల్లో బూజునివారణ మందు కలిపే పద్ధతిని రూపొందించారు. 1946లో ఆ ఫలితాలను ప్రకటించారు. వాతావరణం విధి కాదు. మనిషి అన్నాన్నీ, బట్టనూ ఉత్పత్తి చేసినట్లే వాతావరణాన్ని కూడా ఉత్పత్తి చేయగలడు. ఈ శతాబ్దిన్నర చరిత్ర చెబుతున్న ప్రధాన సత్యం ఇది.

అయితే వాతావరణం ఉత్పత్తి అయిన క్షణంనుంచే మరొక ప్రశ్న పుడుతుంది. అది ఎవరికోసం ఉత్పత్తి అవుతున్నది? ఎవరి స్వాధీనంలో ఉన్నది? నా విద్యార్థికి నేను చెప్పని రెండో సగం ఇక్కడే ఉన్నది.

నూలుమిల్లులతో ప్రారంభిద్దాం. గాలి పొడిగా ఉంటే నూలుపోగు తెగుతుంది. అందుకని లాంకషైర్ యజమానులు నేతశాలల్లోకి ఆవిరి వదిలారు. పోగు తెగడం తగ్గింది. నేతకార్మికులు మాత్రం తడిసిన బట్టలతో, దగ్గుతో, ఉక్కతో బాధపడ్డారు. వారి ఆందోళన ఫలితంగా 1889లో బ్రిటన్ ఒక చట్టం చేసి మిల్లులో తేమకు హద్దులు పెట్టవలసివచ్చింది. మన 1948 ఫ్యాక్టరీల చట్టంలో కృత్రిమంగా తేమ కల్పించడాన్ని నియంత్రించిన 15వ సెక్షనుకు మూలం ఆ పోరాటంలోనే ఉన్నది.

1902లో అమెరికాలో విల్లిస్ కారియర్ అనే యువ ఇంజనీరు గాలిలోని తేమను అదుపుచేసే మొదటి ఆధునిక యంత్రాన్ని రూపొందించాడు. ఎవరికోసం? బ్రూక్లిన్‌లోని ఒక ముద్రణాలయంలో కాగితం కోసం! తేమకు కాగితం సాగి రంగులు ఒకదానిమీద ఒకటి సరిగా పడటంలేదు. అచ్చుకార్మికుల చెమట ఆ లెక్కలోకి రాలేదు. 'ఎయిర్ కండిషనింగ్' అన్న మాటను 1906లో మొదట వాడిన స్టువార్ట్ క్రామర్ నూలుమిల్లుల ఇంజనీరు. అంటే పేరు కూడా నూలు కోసమే పుట్టింది.

1931లో అంతర్జాతీయ తూనికలు కొలతల సంఘం పారిశ్రామిక కొలతలకు 20 డిగ్రీల సెంటిగ్రేడును ప్రమాణంగా నిర్ణయించింది. ఉక్కుముక్కకూ, గాజుముక్కకూ ప్రపంచమంతటా ఒకే వేడిమి హామీ దొరికింది. అదే సమయంలో కార్మికునికి అటువంటి హామీ ఏ దేశంలో దొరికింది?

ధూళిని జయించిన చరిత్ర ఇంకా చేదైనది. అతి సూక్ష్మ రేణువులను పట్టే 'హెపా' వడపోత 1940లలో అమెరికా అణుబాంబు పథకంలో, రేడియోధార్మిక రేణువులను ఆపడానికి రూపొందింది. 0.3 మైక్రాను రేణువులను నూటికి 99.97 వంతులు ఆపగలగడం దాని లక్షణం. 1962లో న్యూమెక్సికోలోని సాండియా ప్రయోగశాలలో విల్లిస్ విట్‌ఫీల్డ్ అనే భౌతికశాస్త్రజ్ఞుడు ఆ వడపోతనుంచి వచ్చే గాలిని గదిలో సుడులు లేకుండా ఒకే దిశలో ప్రవహింపజేసి, ధూళిని ఎప్పటికప్పుడు తుడిచిపెట్టే క్లీన్‌రూమును, అంటే పరిశుభ్ర కక్ష్యను నిర్మించాడు. అంతకుముందున్న గదులకంటే అది సుమారు వేయిరెట్లు శుభ్రమైనది. అణ్వాయుధాల భాగాలకోసం పుట్టిన ఆ గది తర్వాత శస్త్రచికిత్సకూ, మందులకూ, ఎలక్ట్రానిక్ పరిశ్రమకూ, కటకాలకూ ఉపయోగపడింది. 1963లో అమెరికా ప్రభుత్వం దానికి ప్రమాణాలు నిర్ణయించింది. '100 తరగతి' గది అంటే ఘనపు అడుగు గాలిలో అర మైక్రానుకు తగ్గని రేణువులు 100కు మించరాదు. మామూలు నగరపు గాలిలో అవి లక్షల్లో ఉంటాయి. 1999లో వచ్చిన అంతర్జాతీయ ప్రమాణం ఈ లెక్కలను ప్రపంచమంతటికీ వర్తింపజేసింది.

పాఠకులు ఒక విషయం గమనించాలి. ఈ గదిలో ధూళికి ప్రధానమైన మూలం ఎవరు? మనిషి! కదలకుండా కూర్చున్న మనిషి చర్మంనుంచీ, వెంట్రుకలనుంచీ, బట్టలనుంచీ కూడా నిమిషానికి లక్ష లెక్కన రేణువులు రాలుతాయి. నడిస్తే ఇంకా ఎన్నోరెట్లు. అందుకే పనివాడికి తలనుంచి పాదందాకా తొడుగు వేస్తారు. అతని ఊపిరినుంచి గాజును కాపాడటానికి ముసుగు కడతారు. గనిలో ముసుగు మనిషిని ధూళినుంచి కాపాడుతుంది. ఇక్కడ ముసుగు గాజును మనిషినుంచి కాపాడుతుంది. శ్రమించేవాడే మలినమై, సరుకే పవిత్రమయింది. మడి కట్టుకోవడం, అంటు పాటించడం మన సమాజానికి కొత్తకాదు. ఇక్కడ ఆ మడి శాస్త్రసాంకేతిక వేషం వేసుకున్నది.

నేను క్లీన్‌రూమును నిందించడం లేదు. గాజుకు ఆ మడి నిజంగా అవసరమే. నా అభ్యంతరం వేరు. ఆ వడపోత రేణువులను మాత్రమే ఆపుతుంది, ఆవిరులను ఆపదు. కడగడానికి వాడే ద్రావకాల ఆవిరి దానిలోనుంచి స్వేచ్ఛగా పోతుంది. పైగా వేడి, తేమ నిలకడగా ఉంచడానికి చాలావరకు అదే గాలిని తిప్పితిప్పి వాడతారు. రేణువుల లెక్కలో ఆ గాలి అమృతం. ఊపిరితిత్తుల లెక్క ఎవరూ చూడరు. దక్షిణకొరియాలో శామ్‌సంగ్ చిప్పుల కర్మాగారంలో, అటువంటి కక్ష్యలోనే పనిచేసిన హ్వాంగ్ యూమి అనే యువతి 2007లో రక్తకాన్సరుతో 22 ఏళ్ళకే మరణించింది. టాక్సీ తోలుకొని బతికే ఆమె తండ్రి న్యాయంకోసం నడుం కట్టాడు. అటువంటి కార్మికులు ఎందరో ఆయనతో కలిశారు. 11 ఏళ్ళ పోరాటం తర్వాత, 2018లో, ఆ సంస్థ బహిరంగంగా క్షమాపణ చెప్పి పరిహారానికి ఒప్పుకున్నది. చిప్పుమీద నలుసు పడితే అదే రోజు తెలిసింది. మనిషికి జరిగిన హాని తెలియడానికి అంతకాలం పట్టింది.

గాజు పనికి బలైనవారి కథ కొత్తది కాదు. హాలెండులో మతపెద్దల బహిష్కారానికి గురైన స్పినోజా తత్వవేత్త కటకాలు సానబట్టి బతికాడు. 1677లో, 44వ ఏట, ఊపిరితిత్తుల జబ్బుతో చనిపోయాడు. ఆ జబ్బును గాజుపొడి ముదిరించి ఉంటుందని చాలామంది చరిత్రకారుల అనుమానం. నీటితో తడిపి సానబట్టే పద్ధతులవల్ల ఈ ప్రమాదం ఎంతో తగ్గింది. కాని రాతిపొడి పీల్చే క్వారీ కూలీకీ, కంకరమిల్లు కూలీకీ సిలికోసిస్ నేటికీ మృత్యుపాశమే.

ఈ చరిత్రలో మినహాయింపు లేదా? ఒకటున్నది, అదీ కటకాల పరిశ్రమలోనే. జర్మనీలోని యేనా పట్టణంలో 1846లో కార్ల్ త్సైస్ చిన్న పనిశాల పెట్టాడు. 1866లో ఎర్న్‌స్ట్ అబ్బే అనే భౌతికశాస్త్రజ్ఞుడు అందులో చేరి సూక్ష్మదర్శిని నిర్మాణానికి గణితపు పునాది వేశాడు. అబ్బే తండ్రి నూలుమిల్లు కార్మికుడు. రోజుకు 14, 15, ఒక్కొక్కప్పుడు 16 గంటలు నిలబడి పనిచేసి, కొడుకు తెచ్చిన అన్నాన్ని యంత్రానికి ఆనుకొనే తినేవాడు. ఆ దృశ్యాన్ని అబ్బే మరచిపోలేదు. సంస్థలోని తన వాటాను 1889లో స్థాపించిన ట్రస్టు పరం చేశాడు. 1896నాటి నియమావళిలో కార్మికుల హక్కులను రాయించాడు. 1900లో 8 గంటల పనిదినం అమలుచేశాడు. తర్వాత లెక్కలు తీసి చూస్తే 8 గంటల్లో జరిగిన పని పూర్వపు 9 గంటల పనికి తగ్గలేదు. కన్ను అలసిన పనివాడు గాజుమీద గీత చూడలేడు. ఈ సంగతిని అబ్బే అంకెలతో నిరూపించాడు.

యేనాను స్వర్గంగా చిత్రించనక్కరలేదు. యజమాని మంచితనంమీద ఆధారపడిన హక్కులు అవి. అదే సంస్థ రెండు ప్రపంచయుద్ధాలలోనూ జర్మన్ సైన్యానికి గురికళ్ళు అందించింది. కాని గాజు నాణ్యతకూ మనిషి ఆరోగ్యానికీ వైరం లేదని యేనా రుజువు చేసింది. అంటే ఆ వైరం గాజులో లేదు. లాభంలో ఉన్నది.

ఇక మన ప్రాంతానికి తిరిగివద్దాం. భానూరులో టాంకులను ఛేదించే క్షిపణులు తయారవుతాయి, ఎద్దుమైలారంలో శకటాలు తయారవుతాయి. కాని పరిశుభ్ర కక్ష్య అనే మాటను ఈ ప్రాంతపు సామాన్య కార్మికునికి ఎక్కువగా నేర్పింది మందుల పరిశ్రమ. ఎగుమతయ్యే మందుల కర్మాగారాల్లో విదేశీ తనిఖీదారు వచ్చి గాలిలోని రేణువులు లెక్కపెడతాడు. లోపల ఇంత శుద్ధి. బయట? 2007లో స్వీడిష్ పరిశోధకులు పటాన్‌చెరువు దగ్గర సుమారు 90 మందుల కర్మాగారాల వ్యర్థజలాన్ని శుద్ధిచేసే కేంద్రంనుంచి బయటికి వస్తున్న నీటిని పరీక్షించారు. లీటరుకు 31 మిల్లీగ్రాములదాకా సిప్రోఫ్లోక్సాసిన్ అనే మందు దొరికింది. అక్కడి నక్కవాగుకోసం, మంజీర కోసం రైతులూ, డాక్టర్ కిషన్‌రావు వంటి వైద్యులూ దశాబ్దాలపాటు పోరాడవలసివచ్చింది. 1990లో వ్యవహారం సుప్రీంకోర్టుదాకా పోయింది.

ధూళి సంగతి చూద్దాం. 2025 జూన్ 30 ఉదయం పాశమైలారం పారిశ్రామికవాడలో ఒక కర్మాగారం పేలిపోయింది. మందుబిళ్ళల్లో కలిపే సూక్ష్మ సెల్యులోజు పొడి అక్కడి సరుకు. 50 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. వారిలో చాలామంది బీహారు, ఒడిశా, ఉత్తరప్రదేశ్ వంటి చోట్లనుంచి పొట్టచేతబట్టుకొని వచ్చినవారు. కొందరి శరీరాలు ఆనవాలుకైనా దొరకలేదు. కారణాల నిర్ణయం విచారణాధికారుల పని. నేను చెప్పేది శాస్త్రం తేల్చిన ఒక సాధారణ సత్యం. పిండి, పంచదార, సెల్యులోజు వంటి మండే పదార్థం ఏదైనా సన్నని పొడిగా గాలిలో లేచినప్పుడు నిప్పురవ్వ తగిలితే పేలుతుంది. 1785లో ఇటలీలోని ట్యూరిన్ పట్టణంలో ఒక పిండి కొట్టు అట్లాగే పేలింది. ఆ వివరాలు గ్రంథస్థమై 200 ఏళ్ళు దాటింది. మన 1948 చట్టంలో 14వ సెక్షను కార్మికుడు పీల్చే ధూళిని అది పుట్టినచోటే లాగివేయాలన్నది. 37వ సెక్షను పేలే ధూళి పేరుకోకుండా, దానికి నిప్పు తగలకుండా చూడాలన్నది. భోపాల్ తర్వాత, 1987 సవరణతో, గాలిలో సిలికా వంటి పదార్థాలకు పరిమితులు, భద్రతలో కార్మికుల భాగస్వామ్యం కూడా చేరాయి. జ్ఞానం లేక కాదు, చట్టం లేక కాదు.

2025 నవంబరు 21నుంచి ఆ చట్టం స్థానంలో వృత్తి భద్రతా స్మృతి అమలులోకి వచ్చింది. విద్యుచ్ఛక్తి వాడే పనిశాల ఫ్యాక్టరీగా లెక్కకు రావడానికి పూర్వం 10 మంది కార్మికులుంటే చాలు. ఇప్పుడు 20 మంది ఉండాలి. పెద్ద కర్మాగారానికి సానబట్టి, తోమి, పొడిచేసి ఇచ్చే చిన్న పనిశాలలు ఎన్ని ఈ గీతకు అవతల పడతాయో ఈ ప్రాంతంలో తిరిగేవారికి వేరే చెప్పనక్కరలేదు.

ఇంకొక పోలికతో ముగిస్తాను. 1901లో హైదరాబాదులో నిజామియా వేధశాల ఏర్పడింది. 1908లో అది బేగంపేటకు మారింది. నగరం పెరిగి, దీపాల వెలుతురూ, పొగా, దుమ్మూ ఆకాశాన్ని కమ్మేసరికి, 1968లో 48 అంగుళాల కొత్త దూరదర్శినిని నగరానికి దూరంగా రంగాపురం గుట్టలమీద నెలకొల్పారు. మంచిదే. దర్పణానికి మసక గాలి పనికిరాదని ప్రభుత్వం గుర్తించి దానికి చోటు మార్చింది. పటాన్‌చెరువు కూలీకి అట్లా చోటు మార్చేవారెవరు? అతడు పని ఉన్నచోటనే బతకాలి. ఆ గాలినే పీల్చాలి.

కాబట్టి నా విద్యార్థికి నేను ఈనాడు చెప్పదలచిన సమాధానం ఇది. మన గాలి పనికిరానిది కాదు. ఏ గాలినైనా గాజుకు పనికివచ్చేట్లు మార్చే విద్య మనిషికి తెలుసు. ఘనపు అడుగులో 100 రేణువులు లెక్కపెట్టగలిగిన పరికరం ఉన్నది. వేడిని డిగ్రీలో భాగాలదాకా నిలిపే యంత్రం ఉన్నది. ఇవన్నీ శ్రామికుల చేతులమీద తయారైనవే. కాని ఆ గాలి ఉత్పత్తి సాధనమైంది, ఉత్పత్తి సాధనం ఎవరిదో గాలి కూడా వారిదే అయింది. గాజు చెడితే యజమానికి నష్టం కాబట్టి గాజుచుట్టూ గాలిని కొలుస్తారు. కార్మికుని ఊపిరి చెడితే నష్టం కార్మికుని ఇంటిది కాబట్టి కొలవరు.

రేణువులు లెక్కించే ఆ పరికరాన్ని గాజువైపునుంచి మనిషివైపు తిప్పమని అడగడం అత్యాశ కాదు. కర్మాగారం లోపలి గాలి లెక్కలను ప్రతి పాళీ కార్మికులకు తెలిసేట్లు గోడమీద రాయమనడం, ఆ లెక్క తప్పినప్పుడు పని ఆపే హక్కు కాగితంమీదే కాక చేతిలో ఉండాలనడం, వలసకూలీకీ కాంట్రాక్టు కూలీకీ ఆ హక్కు సమానంగా వర్తించాలనడం సాంకేతికంగా కష్టమైన కోరికలు కావు. ఉపాధ్యాయులారా, విద్యార్థి మిత్రులారా, కటకాల పాఠం చెప్పేటప్పుడు ఈ సగాన్ని కూడా చెప్పండి, అడగండి.

ఆనాడు ప్రశ్న అడిగిన విద్యార్థి చదువు ముగించి ఈ ప్రాంతంలోనే ఒక పనిలో చేరాడని విన్నాను. అతడు పనిచేసేచోట గాలిని ఎవరికోసం కొలుస్తున్నారో, ఈసారి కనిపిస్తే నేనే అతన్ని అడగాలి.